ఏమీ తెలియని అమ్మాయికి పట్టం కట్టినాక నవల ఎందుకు జారిపోతోంది?

స్వర్ణముఖి గట్టు (తిరుపతి)

అందరికీ నమస్కారం. తెలుగులో ఒక ఫాంటసీ నవల రాస్తున్నాను. ఇప్పటికి 18 అధ్యాయాలు, సుమారు 42,000 మాటలు అయినాయి. రాసినంతవరకు ఇక్కడ జత చేసినాను.

కథ ఇదీ. కొండల నడుమ ఒక చిన్న రాజ్యం, మన శేషాచలం లోయల్లాంటి చోటు. రాజు బిడ్డలు లేకుండా పోయినాడు. ఎక్కడో పల్లెలో చెరువు నీరుగట్టి (చెరువు నీళ్ళు మళ్ళకు వదిలే మనిషి) ఇంట్లో పెరిగిన ఇరవై రెండేళ్ళ అమ్మాయి, రాజు తమ్ముడి కూతురని తేలుతుంది. మంత్రులే పల్లకి పంపి, పిలిపించి, పట్టం కడతారు. ఆమెకు కూడబలుక్కుని చదవడం వచ్చు. కత్తి పట్టడం రాదు, కోట గడప ఎప్పుడూ తొక్కలేదు. రాజముద్ర చెక్కిన ఉంగరానికి ఒక మహిమ ఉంది: అబద్ధపు శాసనం మీద ముద్ర వేస్తే వేలు కాలుతుంది.

మొదటి మూడు అధ్యాయాలు చదివినవాళ్ళకు బాగా నచ్చినాయి. నాలుగు నుంచి పన్నెండు దాకా సాము, గుర్రపు స్వారీ, సభా మర్యాదలు నేర్చుకుంటుంది. పదమూడులో యుద్ధం. చదివిన ముగ్గురూ ఒకే మాట అన్నారు: "మధ్యలో అంతా పాఠాలే, ఆమె అంత తొందరగా ఎట్లా గెలిచింది?" తొమ్మిది అధ్యాయాలు, అంటే సగం పుస్తకం. తీసేయడానికి నేను సిద్ధమే, కానీ ఆ జాగాలో ఏం పెట్టాలో తెలియడం లేదు. నిజంగా ఒక రాజ్యం ఇట్లాంటి మనిషి చేతిలో పడితే మొదటి పది రోజుల్లో ఏమేం తప్పుతాయి? మంత్రులు ఈమెనే ఎందుకు కోరుకుంటారు? భాష గురించి కూడా చెప్పండి.

---

పాతకోట (చంద్రగిరి)

పాఠాల సంగతి తర్వాత. ముందు "ఈమే ఎందుకు?" అన్నది తేల్చండి. మీ రాతలో ఆ జవాబు లేదు కాబట్టే నాలుగో అధ్యాయం నుంచి కథ నడవడం లేదు.

మన జానపద కథల్లో వారసుడు లేకపోతే పట్టపుటేనుగు తొండానికి పూలమాల ఇచ్చి వదులుతారు. అది ఎవరి మెడలో వేస్తే వాళ్ళే రాజు. కథకు అది చాలు, అక్కడ విధి మాట్లాడుతుంది. నవలలో మాత్రం ఏనుగు వెనక మావటివాడు ఉంటాడు, మావటివాడికి బెల్లం దిమ్మలు ఇచ్చినవాడొకడు ఉంటాడు. మీ కథలో ఏనుగు లేదు, పల్లకి ఉంది. పల్లకి బోయీలకు కూలి ఇచ్చింది ఎవరు? అక్కడ మొదలుపెట్టండి.

మన పక్కనే ఉన్న ఉదాహరణ చూడండి. 1529లో కృష్ణదేవరాయలు పోయేనాటికి ఆయన తమ్ముడు అచ్యుతరాయలు మా చంద్రగిరి కోటలో నిర్బంధంలో ఉన్నాడని పోర్చుగీసు చరిత్రకారుడు నూనిజ్ రాసినాడు. ఇంకోవైపు రాయల పసిబిడ్డను కూర్చోబెట్టాలని రాయల అల్లుడు అళియ రామరాయలు చూస్తున్నాడు. అచ్యుతుడు నేరుగా రాజధానికి పోలేదు. తిరుమలలో ఒక అభిషేకం, శ్రీకాళహస్తిలో ఇంకొకటి, ఆ తర్వాత విజయనగరంలో. మూడు చోట్ల ఎందుకు? నా లెక్కలో, దారి పొడుగునా ఎక్కువమంది చూడాలి, ఎదుటి పక్షం బిడ్డకు పట్టం కట్టేలోపు ఇక్కడ అయిపోయినట్టు వార్త ముందే చేరాలి. ఆయన వచ్చేదాకా గద్దెను కాపాడి పెట్టింది సాళువ వీరనరసింహుడు. కొద్ది ఏళ్ళకే ఆ మనిషే తిరగబడితే అచ్యుతుడు దక్షిణాదికి దండు నడపాల్సి వచ్చింది. మీకు కావలసిన మంత్రి ఇక్కడే దొరికినాడు: గద్దెను ఖాళీగా కాపాడినవాడు. ఆ కాపలాకు కూలి అడుగుతాడు. ఏం అడుగుతాడో, ఎప్పుడు అడుగుతాడో మీరు రాసుకోండి.

ఇంకో సంగతి. మీరు పట్టాభిషేకాన్ని మూడో అధ్యాయం చివర ఒక్క పేరాలో ముగించినట్టున్నారు. పట్టం అంటే నుదుటికి కట్టే బంగారు రేకు. "పట్టం కట్టడం" అన్న మాట అక్కడిదే. రేకు వెనక తాడు ముడి వేసేది ఒకడు, కలశపు నీళ్ళు పోసేది ఒకడు, తెల్లగొడుగు పట్టేది ఒకడు, వింజామర వీచేది ఒకడు. ఈ పనులు హక్కుగా వచ్చేవి, ఎవరికిస్తే వాళ్ళ పక్షం పెరిగినట్టు. మీ అమ్మాయికి ఆ సంగతి తెలియదు. తలమీద చల్లటి నీళ్ళు పడుతున్నాయి, వెనక ఎవరో ముడి బిగిస్తున్నారు, రేకు అంచు కనుబొమకు గుచ్చుకుంటోంది. ముడి వేసిన చేతులు ఎవరివో ఆమె చూడలేదు. సభలో మిగతా అందరూ చూసినారు. ఆ దృశ్యానికి కనీసం 1,500 మాటలు ఇవ్వండి.

---

రాయసం (చిత్తూరు)

పాతకోటగారు చెప్పినదానికి కొనసాగింపు. మొదటి పది రోజుల్లో కత్తితో పని ఏమీ ఉండదు. పని అంతా కాగితాలతో, తాళాలతో, మాటలతో.

పాత రాజ్యాల్లో రాజు ఉత్తరం తను రాయడు. రాయసం రాస్తాడు. లెక్క సంప్రతి చూస్తాడు. ధనం బొక్కసంలో ఉంటుంది, దండు దళవాయి చేతిలో ఉంటుంది. రాజ్యానికి ఏడు అంగాలని శాస్త్రం: స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు. మీ రాతలో స్వామి ఒక్కతే ఉంది. మిగతా ఆరింటికీ ఆరు ముఖాలు పెట్టండి, అందులో ఇద్దరినైనా ఒకరికొకరు పడనివాళ్ళను చేయండి. పదిహేనుమంది మంత్రులు వద్దు, చదివేవాళ్ళకు పేర్లు గుర్తుండవు.

మొదటి వారంలో తప్పకుండా జరిగేది ఇది: "మీ పెద్దనాయన మాట ఇచ్చినారు" అంటూ జనం వరస కడతారు. ఒకడికి మాన్యం, ఒకడికి సుంకం మాఫీ, ఒకడికి కొడుకు కొలువు. చనిపోయిన రాజు నోటిమాటకు సాక్షి లేడు. కాదంటే కఠినురాలు, అవునంటే బొక్కసం గుల్ల. అనుభవం ఉన్న రాజు "పాత కవిలె (లెక్కల పుస్తకం) తెప్పించండి" అని వాయిదా వేస్తాడు. ఈమెకు కవిలె అనేదొకటి ఉంటుందనే తెలియదు. మూడు రోజుల్లో పదకొండు మాటలు ఇచ్చేస్తుంది, అందులో రెండు ఒకే భూమికి. అయిదో రోజు ఆ ఇద్దరూ ఒకేసారి సభకొస్తారు. మీ నాలుగో అధ్యాయం అదే.

దొంగ శాసనాలకూ దారి ఉంది. విజయనగరం తామ్రశాసనాల చివర రాజు తన పేరు పెట్టడు, "శ్రీ విరూపాక్ష" అని ఉంటుంది. ఆరవీటి వేంకటపతిరాయల కాలానికి అది "శ్రీ వేంకటేశ" అయింది. రాజు మారినా చేవ్రాలు అదే కాబట్టి, పోయిన రాజు పేరుతో ఇవాళ ఒక రాగి రేకు చెక్కించడం కష్టం కాదు. రేకులు కొత్తగా మెరుస్తాయని మీరు రాస్తారేమో, ఆ మెరుపు చింతపండుతోనో మట్టిలో పాతిపెట్టో పోగొట్టేస్తారు. పట్టుబడేది తేదీ దగ్గర. శక సంవత్సరం, ప్రభవాది పేరు, మాసం, తిథి, వారం అన్నీ ఒకదానితో ఒకటి సరిపోవాలి. దొంగ చెక్కినవాడు సాధారణంగా వారం దగ్గర తప్పుతాడు.

ఇప్పుడు ఉంగరం. మీరు రాసిన తీరులో అది కథను చంపేస్తుంది. అబద్ధం మీద పడితే కాలే ముద్ర ఉన్న రాజ్యంలో ఎవడూ అబద్ధపు శాసనం తేడు. రాజుకు మోసం జరిగే వీలే లేదు. ఒక్క మాట మార్చండి: ముద్ర వేసేవాళ్ళకు అది అబద్ధమని తెలిసి ఉంటేనే వేలు కాలుతుంది. అప్పుడు ఏమవుతుందో చూడండి. పాత రాజు అన్నీ తెలిసినవాడు, ఆయన చేత తప్పుడు శాసనం వేయించలేకపోయినారు. కాబట్టి మంత్రులకు ఏమీ తెలియని మనిషి కావాలి. ఆమె చేతికి ఉంగరం ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. సభ అంతా "ముద్ర చల్లగా ఉంది, శాసనం సత్యం" అని చాటుతుంది. మీరడిగిన "ఈమెనే ఎందుకు" అన్నదానికి జవాబు ఇదే. ఆమె నేర్చుకునే కొద్దీ వేలు వేడెక్కుతుంది. పాఠాలు ఇక పాఠాలు కావు, ప్రతి పాఠానికీ ఒక బొబ్బ.

---

మొరవ (పుంగనూరు)

రాయసం అన్నా, ఉంగరం మాట చాలా బాగుంది. నాకు ఈ రాతలో బాధ కలిగించింది ఇంకొకటి. నీరుగట్టి ఇంట్లో పెరిగిన పిల్ల అని మొదటి అధ్యాయంలో రాసి, కోటలోకి రాగానే ఆ సంగతి పూర్తిగా మరిచిపోయినారు. ఆమెకు ఏమీ తెలియకపోవడం ఏంది? కోటలో వాళ్ళకెవరికీ తెలియనిది ఆమెకు తెలుసు.

నీరుగట్టికి తెలిసినవి చెప్తాను, వాడుకోండి. చెరువుకు కట్ట, తూము, మొరవ (నిండినాక మిగులు నీళ్ళు పొర్లిపోయే దారి) మూడూ ప్రాణం. తూము రంధ్రానికి కొయ్య బిరడా ఉంటుంది, పొడుగాటి కర్రతో పైకి లాగితే నీళ్ళు కాలువకు పోతాయి. ఎంత లాగితే ఏ మడికి ఎంతసేపు అన్నది ఆమె కర్ర మీద గీతలతో చెప్పగలదు. మొరవ ఎత్తు కట్ట ఎత్తుకన్నా తక్కువ ఉండాలి. పై ఊరివాళ్ళు ఎక్కువ నీళ్ళు ఆపుకోవాలని మొరవ మీద రాళ్ళు పేర్చి ఎత్తు పెంచుతారు. పెద్దవాన వచ్చిన రాత్రి నీళ్ళు మొరవ వదిలి కట్ట మీదుగా పొర్లుతాయి, కట్ట తెగుతుంది. మన వైపు చెరువులు గొలుసుగా ఉంటాయి కాబట్టి పై చెరువు తెగితే కింద చెరువులన్నీ వరసగా పోతాయి.

ముఖ్యమైనది ఇది. కట్ట కింద ఊట వస్తే ప్రతిసారీ భయపడనక్కరలేదు. తేట నీళ్ళు ఊరితే చెరువు గాలి పీల్చుకుంటున్నట్టు. ఎర్రగా, మన్ను కలిసి వస్తే కట్ట లోపల కోసుకుపోతోందని అర్థం, ఆ రాత్రికే మనుషుల్ని పిలవాలి. ఆమె కోట గోడ వెంబడి నడుస్తూ కాలి కింద తడి చూసి, వంగి, రెండు వేళ్ళతో తీసి చూస్తుంది. వేళ్ళకు ఎర్రమన్ను అంటుతుంది. వెనక నడుస్తున్న దళవాయికి అది బురద. ఈ ఒక్క దృశ్యం మీ తొమ్మిది అధ్యాయాల సాముకన్నా ఎక్కువ పని చేస్తుంది.

దొంగ శాసనం పట్టుకోవడానికి తిథి వారాలు ఆమెకు ఎట్లా తెలుస్తాయి? అది పండితుడి పని. ఆమెకు హద్దులు తెలుసు. తామ్రశాసనంలో నాలుగు దిక్కుల హద్దులు చెప్తారు: తూర్పున ఫలానా బండ, దక్షిణాన చెరువు మొరవ, పడమట చింతచెట్టు. శాసనం నలభై ఏళ్ళనాటిదని అంటున్నారు. దక్షిణపు హద్దుగా చెప్పిన మొరవ కట్టి పన్నెండేళ్ళే అయింది. ఆమె చిన్నప్పుడు దానికి రాళ్ళు మోసింది. అది గుర్తొచ్చిన క్షణంలో, ముద్ర మైనం మీదకు దిగుతుండగా, వేలు మొదటిసారి చురుక్కుమంటుంది.

ధాన్యపు లెక్క కూడా ఆమె చేతే పట్టించండి. నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. అంటే పుట్టికి 80 కుంచాలు. కుంచానికి 16 సోలల లెక్కన పెట్టుకోండి (చిన్న కొలతలు ఊరికో తీరుగా ఉండేవి, మీరు ఒక పట్టిక రాసుకుని చివరిదాకా దాన్నే పాటించండి). రైతు దగ్గర తీసుకునేటప్పుడు కుంచం మీద రాశిగా పోయించి, కొట్టులో రాసేటప్పుడు కర్రతో చదును చేసిన కొలతగా రాస్తే, కుంచానికి ఒక సోల మిగులుతుంది. పుట్టికి 80 సోలలు, అంటే 5 కుంచాలు. కొట్టుకు 600 పుట్లు వచ్చే రాజ్యంలో ఏడాదికి 3,000 కుంచాలు, 37 పుట్ల 10 తూములు ఎవరి ఇంటికో పోతున్నాయి. లెక్క పుస్తకంలో తప్పు ఒక్కటీ ఉండదు. కొలిచే చెయ్యి చూసినవాళ్ళే పట్టగలరు.

ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో రాజనీతి చెప్పేది ఎవరో గుర్తు చేసుకోండి. యామునాచార్యుడు. వాదంలో గెలిచి రాజ్యం పొందిన మనిషి, పుట్టుకతో రాజు కాడు. వదిలిపోయే ముందు కొడుక్కు చెప్పే మాటల్లో, నేల కొంచెమే అయినా కుంటలూ కాలువలూ తవ్వించి పేదరైతుకు పన్ను తగ్గిస్తే ధర్మమూ అర్థమూ రెండూ పెరుగుతాయని ఉంటుంది. మీ అమ్మాయికి ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. ఆమె అందులోనే పుట్టింది.

---

దిద్దుబాటు (తిరుపతి)

స్వర్ణముఖిగారూ, పై ముగ్గురూ సరుకు ఇచ్చినారు. నేను కొలతల గురించి, భాష గురించి చెప్తాను.

నాలుగు నుంచి పన్నెండు దాకా మీకు సుమారు 21,000 మాటలున్నాయి. సాము, స్వారీ రెండూ కలిపి 800 మాటలకు కుదించండి. గుర్రం ఎక్కడం మాత్రం ఉంచండి, కానీ విజయంగా కాదు. తొడల లోపలి చర్మం గీరుకుపోయి మూడు రోజులు కూర్చోలేకపోవడం, అదే స్థితిలో సభలో నాలుగు గంటలు సింహాసనం మీద కదలకుండా ఉండాల్సి రావడం. పదమూడో అధ్యాయంలో ఆమె కత్తి తిప్పి గెలవడం తీసేయండి. నెల రోజుల సాముతో పదేళ్ళ బంటును ఎవరూ గెలవరు, చదివేవాళ్ళు మిమ్మల్ని నమ్మడం అక్కడే మానేసినారు. యుద్ధం ఉండాలంటే తిండి దగ్గర గెలిపించండి. గుర్రానికి రోజుకు సుమారు నాలుగు కిలోల ఉలవలు అనుకుందాం, గడ్డి వేరు. 500 గుర్రాలకు రోజుకు రెండు టన్నులు, అంటే అర టన్ను మోసే ఎడ్లబండ్లు నాలుగు. బండి రోజుకు 20, 25 కిలోమీటర్లకు మించి పోదు. తిరుపతి నుంచి చిత్తూరు 70 కిలోమీటర్లు, బండికి మూడు రోజులు. మీ శత్రువు కొండల అవతలనుంచి రెండు రోజుల్లో దండుతో దిగినట్టు రాసినారు, తిండి బండ్లు ఎక్కడున్నాయో చెప్పలేదు. ధాన్యం లెక్క తెలిసిన అమ్మాయికి ఆ ప్రశ్న మొదట తట్టాలి.

భాష. ఆమె మాట మన పల్లె మాటే ఉంచండి, మార్చకండి. కోటలో వాళ్ళు "ఏలినవారు", "సముఖానికి విన్నపం" అంటారు. మొదట ఆమె వెనక్కి తిరిగి చూస్తుంది, ఎవర్ని పిలుస్తున్నారా అని. ముసలి మంత్రిని "తాతా" అని పిలిచేస్తుంది, సభ బిగుసుకుపోతుంది. ఆ పిలుపును మంత్రి సరిదిద్దడు. ప్రేమ అనుకుని ఆమె సంతోషిస్తుంది. ఆ తర్వాత తను చెప్పిందల్లా మనవరాలికి చెప్పినట్టు చెప్పి ముద్ర వేయించుకుంటాడు. పదో అధ్యాయంలో ఆమె మొదటిసారి "ప్రధానిగారూ" అన్నప్పుడు చదివేవాళ్ళకు ఒళ్ళు జలదరించాలి. ఇంకేమీ చెప్పనక్కరలేదు.

మాటల వయసు కూడా చూసుకోండి. మీ రాతలో "సన్నదు", "పేష్కషు", "జమాబందీ" ఉన్నాయి, పక్కనే తామ్రశాసనాలు, అమరనాయకులు ఉన్నారు. ఆ పారసీ మాటలు మన పాలెగాళ్ళ చివరి కాలాన్ని గుర్తు చేస్తాయి. పాత కాలపు రంగు కావాలంటే రాయసం, బొక్కసం, కప్పం, సుంకం, కావలి అనండి. కల్పిత రాజ్యమే, మీ ఇష్టం, కానీ రెండూ కలిపితే చెవికి తేడా తెలుస్తుంది.

పంటలూ అంతే. రెండో అధ్యాయంలో వేరుశనగ చేలు, వంటింట్లో ఎండుమిరపకాయలు, పట్టాభిషేకానికి బంతిపూల తోరణాలు పెట్టినారు. మన జిల్లాలో పెరిగినవాళ్ళ చేతికి అవే వస్తాయి, అర్థం చేసుకోగలను. ఆ మూడూ అమెరికా ఖండాలనుంచి వచ్చినవి. రాగులు, సజ్జలు, ఉలవలు, నువ్వులు రాయండి. కారానికి మిరియాలు. తోరణానికి మామిడాకులు, మల్లెలు, సంపెంగలు, తామరలు ఉన్నాయి.

---

స్వర్ణముఖి గట్టు (తిరుపతి)

అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. తొమ్మిది అధ్యాయాలూ పక్కన పెట్టేసినాను. కొత్త వరస ఇట్లా అనుకుంటున్నాను: నాలుగులో ఒకే భూమికి ఇచ్చిన రెండు మాటలు, అయిదులో ఎర్రనీళ్ళు, ఆరులో కొట్టులో కుంచం కొలత, ఏడులో శాసనం హద్దు, వేలికి మొదటి చురుకు. మొత్తం పది రోజుల్లో. ఒక అనుమానం మిగిలింది. శాసనం అబద్ధమని తెలిసినాక ఆమె ముద్ర వేయకుండా ఆగిపోతే ఉంగరానికి పనే లేదు కదా?

---

రాయసం (చిత్తూరు)

ఆగకూడదు. సభ చూస్తోంది, ముద్ర మైనానికి తగిలింది. ఆపితే మంత్రులకు ఆమె కనిపెట్టిందని ఆ క్షణమే తెలిసిపోతుంది. దళవాయి ఎవరి పక్షమో ఆమెకింకా తెలియదు. కాబట్టి వేలు కాలుతున్నా ముఖం కదలకుండా ముద్ర పూర్తిగా నొక్కుతుంది. సభ "ముద్ర చల్లగా ఉంది" అని చాటుతుంది. ఆమె చెయ్యి చీర కుచ్చెళ్ళలో దాచుకుంటుంది. ఆ రాత్రి వేలిమీది బొబ్బను మొదట చూసేది ఎవరో మీరు జాగ్రత్తగా ఎంచుకోండి, మిగతా సగం పుస్తకం ఆ మనిషి మీద నడుస్తుంది. దాసి అయితే ఒక కథ, దళవాయి అయితే ఇంకో కథ.

---

మొరవ (పుంగనూరు)

దాసి చూస్తే బాగుంటుంది. చల్లటి నీళ్ళు తెచ్చేది, గుడ్డ కట్టేది ఆమే.

ఒక చిన్న మాట. "తూము" అంటే కొట్టులో కొలత, చెరువులో నీళ్ళు వదిలే దారి. ఆమె కొట్టులోకి అడుగుపెట్టినప్పుడు సంప్రతి "నూరు తూములు తగ్గినాయి" అంటే, ఆమెకు ఒక్క క్షణం నూరు చెరువుల బిరడాలు ఊడిపోయినట్టు వినిపించాలి. ఆరో అధ్యాయంలో అది తగలాలంటే మొదటి అధ్యాయంలోనే వాళ్ళ నాయన తూము బిరడా లాగుతూ ఉండగా ఆ మాట ఒకసారి పడి ఉండాలి. ఇప్పుడున్న మొదటి అధ్యాయంలో మీరు దాన్ని "గేటు" అని రాసినారు, అది మార్చండి.